పదోనాటి నవ్వు

మెదక్,
12 అక్టోబర్ 2011, బుధవారం.

టేక్మాల్‌లో ఉన్న వియ్యపురాలు యశోద వదినెగారికి, మెదక్ నుంచి బాలనర్సమ్మ రెండు చేతులూ జోడించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా కొడుకు జనార్దనూ, మీ బిడ్డ అరుణా ప్రాణాలతో ఉన్నాం. క్షేమం అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. అక్కడ మీరూ అన్నగారూ ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను.

నిన్న హైదరాబాద్ నుంచి వచ్చినప్పటి నుంచి నా గుండె కుదురుగా లేదు వదినె. పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాను. గిన్నె మాడి వాసన వస్తే పక్కింటి సాబెరా పరుగెత్తుకొచ్చి దించింది. ఏమైందక్కా, దయ్యాన్ని చూసినట్టు ఉన్నావేమని అడిగింది. దయ్యాన్ని చూసినా ఇంత అదిరిపోయేదాన్ని కాదు. మీకు ఫోన్ చేద్దామని నంబరు నొక్కడం, కట్ చేయడం, ఇదే పని. ఫోన్లో అయితే నేను అరుస్తాను, మీరు ఏడుస్తారు, అసలు సంగతి మధ్యలో కొట్టుకుపోతుంది. సమ్మె వల్ల బస్సులు ఎటూ లేవు. సాబెరా భర్త వాహెద్ భాయ్ రేపు మోటారు సైకిల్ మీద మీ ఊరి వైపు వస్తున్నాడు, ఆయన చేతికి ఇస్తున్నాను. నిదానంగా కూర్చుని చదవండి. మధ్యలో నా మీద కోపం వస్తుంది. రానివ్వండి. కాగితం మాత్రం చించకండి.

మొదట ఇది చెప్పాలి. మీ బిడ్డను మీ ఇంటి నుంచి తీసుకెళ్లింది తలనొప్పికి మందులు ఇప్పించడానికి కాదు. ఆదివారం పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకోవాలంటే మా చేతిలో ఒక కాగితం ఉండాలని మా మరిది ఎల్లేష్ సలహా చెప్పాడు. పిల్లకు పిచ్చి అని పట్నం డాక్టరు రాసిస్తే మీకు మాట పెగలదనీ, పెట్టిపోతలు కూడా అడగరనీ అన్నాడు. నేను సరేనన్నాను. జనార్దన్ ఏమీ అనలేదు. వాడు ఎప్పుడు ఏమన్నాడు కనుక? సమ్మెలో బస్సు డిపో ముందు టెంటు కింద కూర్చుని జై తెలంగాణ అని గొంతు చించుకునే మనిషి, ఇంట్లో నా ముందు నోరు విప్పడు.

ఇంతదాకా ఎందుకు వచ్చిందో మీకు తెలుసు, అయినా రాస్తాను. రాస్తేనే నిన్నటి మాట బరువు మీకు తెలుస్తుంది. శ్రావణంలో మా ఇంటాయన, మీరు అన్నయ్యా అని పిలిచే మనిషి, పోయారు. పదోనాడు మంజీర ఒడ్డున నాకు జరిపించాల్సినవన్నీ జరిపించి, బోడి చేతులతో ఇంటికి తీసుకొచ్చారు. ఇంటినిండా ఆడవాళ్లు. గుమ్మంలో అరుణ కాళ్లకు నీళ్లివ్వడానికి చెంబు పట్టుకుని నిలబడింది. నేను గడప దగ్గరికి రాగానే లోపలున్న వాళ్లంతా గొల్లుమని గుమ్మం వైపు తిరిగారు. అప్పుడు మీ బిడ్డ తల వంచుకుని నవ్వింది. చిన్న నవ్వు, ఫోటోకు నవ్వినట్టు. అందరూ చూశారు. అత్తకు గాజులు పోతే కోడలు పండ్లు ఇకిలించిందని సాయంత్రానికి వాడకట్టంతా పాకింది. మొట్టమొదట అరిచింది నేనే. నా కళ్ల ముందు ఉండొద్దన్నాను. ఆ వారంలోనే అన్నగారు వచ్చి, తల ఎత్తకుండా బిడ్డను తీసుకుపోయారు. బతుకమ్మకు పుట్టింట్లో ఉండాల్సిన పిల్ల ఉండనే ఉంది, కానీ పండుగకు వచ్చిన ఆడబిడ్డలా కాదు, వెళ్లగొట్టబడ్డ ఆడదానిలా ఉంది. ఆ బాధ మీకు నేను పెట్టినదే.

ఒక్క ఆ నవ్వే అయితే కడుపులో పెట్టుకునేదాన్నేమో. పెళ్లైనప్పటి నుంచి నా చిట్టా వేరే ఉంది. జనార్దన్ డ్యూటీలో ఎవరితోనో గొడవపడి మూతి ముడుచుకుని ఇంటికొస్తే, ఈ పిల్ల చూసీ చూడనట్టు అన్నం పెట్టి తన పని తాను చేసుకునేది. వాడు మరింత ఉడికిపోయేవాడు. మా గాజుల దుకాణంలో ఒకావిడ ముచ్చటపడి ఎర్రగాజులు తొడిగించుకుని చెయ్యి చాపి చూపిస్తే, ఇవి మీకు మంచిగలేవని మొహం మీదే చెప్పింది. ఆవిడ మళ్లీ మా గడప తొక్కలేదు. నేను కళ్లెర్ర జేస్తే కళ్ల వైపే చూడదు. రాతిగుండె అనుకున్నాను. మనిషి ముఖం చూసి లోపలి సంగతి చెప్పగలనని నాకు ఎంత పొగరో మీకు తెలుసు కదా. నా పనే అది. గాజు తొడిగేటప్పుడు మేము చేతిని చూడం వదినె, ముఖం చూస్తాం. కణుపు దగ్గర నొప్పి పుట్టేముందే కనుబొమ్మ కదులుతుంది. అక్కడ ఆగి, ముచ్చట పెట్టి, మళ్లీ తోస్తాం. ఇన్నేళ్లు అట్లా బతికినదాన్ని, ఇంట్లో ఉన్న పిల్ల ముఖం నాకు తెలియదా అనుకున్నాను.

సరే, హైదరాబాద్. డాక్టర్ పేరు నాజ్. చిన్న వయసు మనిషి, నా కంటే పొట్టి. జనార్దన్ ఫోన్ చేసినప్పుడే పాత ఫోటోలు, వీడియోలు ఏమున్నా తెమ్మన్నారు. పెళ్లి సీడీ పట్టుకెళ్లాం. లోపలికి పోగానే నేను నా చిట్టా అంతా ఏకరువు పెట్టాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా విన్నారు. తర్వాత అరుణను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మనుషుల ముఖాలు ఒక్కొక్కటి చూపిస్తూ, ఈ మనిషికి ఎట్లా ఉందో చెప్పమన్నారు. పళ్లు కనిపించేలా నవ్వే ముఖాలు టకటకా చెప్పింది. భయపడ్డ ముఖాన్ని ఆశ్చర్యం అన్నది. బాధను దాచుకుని నవ్వుతున్న ముఖాన్ని సంతోషం అన్నది. ఒక్కో ముఖం దగ్గర చాలాసేపు ఆగి, నోటిని చూసి, గడ్డాన్ని చూసి, లెక్క కట్టినట్టు చెప్పింది. ఆఖరుకు ఉత్త కళ్లు మాత్రమే ఉన్న ఫోటోలు వచ్చాయి. మీ బిడ్డ తల పక్కకు తిప్పేసి కొంగు పిడికిట్లో బిగించింది. ఏమైంది అని డాక్టర్ అడిగితే, 'కండ్ల డాక్టర్ లైటు కొట్టినట్టయితది మేడం' అన్నది.

నేను లోలోపల గెలిచానని అనుకున్నాను. చూసిండ్రా మేడం, రాసియ్యండి అన్నాను.

ఆమె కుర్చీ నా వైపు తిప్పారు. 'పిచ్చి అని నేను రాయనమ్మా, పిచ్చి లేదు గనుక' అన్నారు. తర్వాత చెప్పినది నాకు అర్థమైన మట్టుకు మీకు రాస్తున్నాను. మన మెదడులో ముఖాలను గుర్తించే చోటు ఒకటి, ప్రమాదం అనిపిస్తే గంట కొట్టే చోటు ఒకటి, ఇట్లా కొన్ని ఉంటాయట. అవన్నీ కలిసి పనిచేసి ఎదుటి మనిషి కోపంగా ఉన్నాడా, దుఃఖంలో ఉన్నాడా అని రెప్పపాటులో చెప్పేస్తాయట. మనం ఏ కష్టమూ పడం, పోపు వాసన ముక్కుకు వచ్చినట్టు అదే వస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ పని వేరే తీరుగా జరుగుతుందట. అర్థం దానంతట అది రాదు, ముఖంలో ఒక్కో ముక్క చూసి ఆలోచించి రాబట్టుకోవాలి. ఆలోగా ఎదుటివాళ్ల ముఖం మారిపోతుంది, మాట దాటిపోతుంది. ఇంకా కొందరిలో, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తే ఆ గంట కొట్టే చోటు మామూలుకంటే గట్టిగా మోగుతుందని పరిశోధన చేసేవాళ్లు చూశారట. అందుకే కళ్లు తప్పించుకుంటారు, పొగరుతో కాదు. అందరిలో ఒకే తీరుగా ఉండదనీ, ఇంకా తేలాల్సింది చాలా ఉందనీ కూడా చెప్పారు. దీన్ని ఆటిజం అంటారట.

అది పసిపిల్లలకు వచ్చే రోగం కదా అన్నాను, టీవీలో చూసిన తెలివితో. రోగం కాదనీ, పసిపిల్లలు పెరిగి పెద్దవాళ్లు కారా అనీ అన్నారు. మరి ఇన్నేళ్లు ఎవరికీ ఎందుకు కనబడలేదని అడిగాను. ఆమె నన్నే ఎదురడిగారు, పెళ్లిచూపుల్లో ఈ అమ్మాయిలో మీకు ఏం నచ్చిందని.

 మీకు గుర్తుందా ఆ రోజు? చాయ్ పళ్లెం పట్టుకుని వచ్చిన పిల్ల పోయేదాకా కళ్లెత్తలేదు. ఎంత బుద్ధిమంతురాలు, ఈ కాలంలో ఇట్లాంటి పిల్ల ఎక్కడుంది, అని మీ వాకిట్లోనే అందరికీ వినబడేలా అన్నాను. కళ్లెత్తి చూసిన పిల్లలను అంతకుముందు వద్దని వచ్చినదాన్ని. ఏది చూసి ఇంటికి తెచ్చుకున్నానో, దానికే ఇప్పుడు పిచ్చి అని రాయించుకోవడానికి వెళ్లాను.

అప్పుడు పెళ్లి సీడీ పెట్టారు. తలంబ్రాల దగ్గర ఆపి, ఈ పిల్లకు ఇక్కడ ఎట్లా ఉందో చెప్పమని నన్ను అడిగారు. బొమ్మలో అరుణ తల వంచుకుని నవ్వుతున్నది. అది కూడా చెప్పలేనా అనుకుని, సిగ్గు, సంబురం అన్నాను. జనార్దన్ కూడా అదే అన్నాడు. అరుణను అడిగారు. 'వీడియో లైటు కండ్లల్ల కొడుతుండె. బ్యాండు చప్పుడు. నాకు వాంతి వచ్చేటట్టు ఉండె' అన్నది. మరి నవ్వుతున్నావు కదమ్మా అన్నారు డాక్టర్. 'అమ్మ నేర్పింది. నలుగురు నీ దిక్కు చూసిండ్రంటే తల వంచి చిన్నగ నవ్వాలె అన్నది. అద్దం ముంగట నేర్పింది' అని చెప్పింది.

వదినె, నాకు అప్పుడు తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.  మరి పదోనాడు గుమ్మంలో ఎందుకు నవ్వినవే అని అడిగాను. 

'అందరు నా దిక్కు చూసిండ్రు గద అత్తమ్మా' అన్నది. 'నవ్వకపోతే తప్పయితది గద.'

 జనార్దన్ లేచి బయటికి పోయాడు. తర్వాత వెళ్లి చూస్తే వరండాలో గోడకు నుదురు ఆనించి ఏడుస్తున్నాడు, తండ్రి పోయినప్పుడు కూడా వాడు అట్లా ఏడవలేదు. నేను మాత్రం కుర్చీలోనే ఉన్నాను. ఆ రోజు నీకు లోపల ఎట్లా ఉండెనమ్మా అని డాక్టరే అడిగారు. నా బోడి చేతులు చూసి రెండు రోజులు అన్నం లోపలికి పోలేదని చెప్పింది. నిజమే వదినె, తినలేదు. పొగరుతో తినడం లేదని మేమే అన్నాం.

ఆ నవ్వు మీరు నేర్పింది. ఈ మాట రాయడానికి నాకు నోరు ఉందో లేదో తెలియదు, కానీ మీకు తెలియాలి. ఎప్పుడు నవ్వాలో నేర్పారు గానీ ఎప్పుడు నవ్వకూడదో నేర్పలేదే అని నిన్న దారి పొడుగునా మిమ్మల్ని తిట్టుకున్నాను. నర్సాపూర్ దాటాక ఆ కోపం చల్లారింది. మీరు ఎవరి కోసం నేర్పారు? నాలాంటి అత్త మెచ్చుకోవాలని. నాకు ఆడపిల్ల ఉంటే నేనూ అద్దం ముందు కూర్చోబెట్టి అదే నేర్పేదాన్ని.

దారిలో ఇంకొకటి జరిగింది. మేము ఎక్కిన జీపును ఒక ఊరి దగ్గర ఆపారు. ఉద్యమంలో వంటావార్పు, రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి పప్పు, అన్నం వండుతున్నారు. తినిపోవాలని బలవంతపెట్టి విస్తళ్లు వేశారు. వడ్డించే ఆవిడ అరుణను చూసి, 'నీ కోడలా అక్కా? మస్తు బుద్ధిమంతురాలు, కండ్లెత్తి చూస్తలేదు' అన్నది.  మీ వాకిట్లో నేను అన్న మాటే, అక్షరం మారకుండా. ముద్ద విస్తట్లో వదిలి నీళ్లు తాగాను. అరుణ తల వంచి నవ్వింది.

జీపు మళ్లీ కదిలాక అరుణే అడిగింది, పిచ్చి అని రాసిస్తే నన్ను ఇడిసిపెడదామనుకున్నారా అని. ఆ పిల్లకు అంతా తెలుసు వదినె. ముఖాలు చదవలేకపోతుంది గానీ చెవులు పనిచేస్తాయి కదా. అవునన్నాను. అబద్ధం చెప్పడానికి ఇక ఓపిక లేదు. ఇప్పుడు నీకేం కావాలని అడిగాను. ఇన్నాళ్లలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.  కిటికీలోంచి చూస్తూ చెప్పింది: 'కోపమొస్తే కోపమొచ్చిందని చెప్పుండ్రి. దుఃఖమైతే దుఃఖమని చెప్పుండ్రి. ముఖం మీద పెట్టకుండ్రి, నాకు దొరుకది. నోటితోని చెప్తే నేను అన్నీ చేస్త.' పక్కన జనార్దన్ వింటున్నాడు. వాడు, నాకు నీ మీద కోపం లేదు, నా మీద నాకే సిగ్గయితున్నదని ఆమెతో అన్నాడు. అరుణ సరే అని తల ఊపింది. ఆ ఇద్దరూ అంత సూటిగా మాట్లాడుకోవడం నేను ఎప్పుడూ వినలేదు.

ఇక పని మాటలు. ఆదివారం పంచాయతీకి మీరు రావొద్దు, అన్నగారినీ రానివ్వొద్దు. తెగతెంపులు లేవు. ఎల్లేష్ గొంతు పెంచుతాడు, పెద్దమనుషులు నవ్విపోతారు, నేను చూసుకుంటాను. నా నోరు ఇన్నాళ్లూ మీ బిడ్డ మీదనే లేచింది, ఒక్కసారి ఆమె కోసం లేస్తే అరిగిపోదు. అరుణ ఇక్కడే ఉంటానంటే ఉంటుంది, కొన్నాళ్లు మీ దగ్గర ఉంటానన్నా జనార్దనే వచ్చి దింపుతాడు. ఒక్కరోజు చూసి ఏదీ తేల్చి చెప్పలేనని డాక్టర్ అన్నారు. చిన్నప్పటి సంగతులన్నీ తల్లి నోట వినాలట. బస్సులు మొదలవగానే మనం కలిసి వెళ్దాం. ఈలోగా ఒక పని చేయండి. ఆ నవ్వు కాక ఇంకా ఏమేమి నేర్పారో గుర్తు చేసుకోండి. ఇంకెక్కడ ఏ పిడుగు పడుతుందో అని నాకు భయంగా ఉంది.

మీరు ఏడుస్తారని తెలుసు. ఏడవండి. కానీ బిడ్డ ముందు ఏడిస్తే, ఎందుకు ఏడుస్తున్నారో నోటితో చెప్పండి.

మీ వియ్యపురాలు,
బాలనర్సమ్మ

తా.క. వదినె, కవరు అంటించబోయి ఆగాను. మీ బిడ్డ లోపలిదంతా విప్పి రాసి, నాది దాచుకోవడం న్యాయం కాదు. ఇది మీరొక్కరే చదివి పొయ్యిలో పెట్టండి.

పదోనాడు నేను ఏడ్చిన ఏడుపును వాడకట్టంతా మెచ్చుకుంది. మొగుడంటే ఎంత ప్రాణమో అన్నారు. మీ అన్నయ్య పెళ్లైన ఏడు నుంచి నా మీద చెయ్యి చేసుకునేవారు. జనార్దన్‌కు కూడా సగమే తెలుసు. గాజుల దుకాణం మాదే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. పగిలినవి ఊడ్చేసి, కొత్తవి వేసుకుని, గుమ్మంలోకి వచ్చి నవ్వేదాన్ని. మంజీర ఒడ్డున నా చేతులు రాయి మీద పెట్టి గాజులు చిట్లగొట్టినప్పుడు, ఇవి పగలడం ఇదే ఆఖరుసారి అనుకున్నాను. ఎంత హాయి అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ హాయి ముఖం మీదికి రాకుండా గొంతెత్తి ఏడ్చాను. ఏడుస్తూనే ఇంటికి వచ్చాను. గుమ్మంలో మీ బిడ్డ నవ్వుతున్నది. నేను దాచుకున్నది ఆ పిల్ల ముఖం మీద కనిపించింది వదినె. నన్ను పట్టేసిందనుకున్నాను. అందుకే అందరికంటే ముందు అరిచాను. పిచ్చి కాగితం కోసం పోయింది కూడా అందుకే. పిచ్చిదని తేలితే, రేపు అది నా గురించి ఏం చెప్పినా ఎవరూ నమ్మరు కదా.

ఇవాళ మధ్యాహ్నం ఇదంతా అరుణకు చెప్పాను. నా మెడ వైపు చూస్తూ విన్నది. తనకేమీ తెలియదనీ, అత్తమ్మ మస్తు దుఃఖంలో ఉందనుకున్నాననీ అన్నది. ఇప్పుడు కూడా హాయిగా ఉందా అని అడిగింది. నేను తల ఊపి, మళ్లీ గుర్తొచ్చి, ఉందని నోటితో చెప్పాను.

'అయితే నవ్వుండ్రి అత్తమ్మా. తలుపేసి ఉన్నది' అన్నది.

నవ్వాను. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇది నవ్వా, ఏడుపా అని అడిగింది. రెండూ అని చెప్పాను.